గంజి కలపని గోడ

ఒకే ఒక్క గోడ విషయంలో నేను నాలుగుసార్లు తెలివితక్కువవాడినయ్యాను. ఐదోసారీ అయ్యేవాడినే, మా అమ్మ బీరువా అడ్డం తగిలింది. ఇది గొప్పగా చెప్పుకునే సంగతి కాదని నాకూ తెలుసు. కానీ మిర్యాలగూడలో మా వీధి వీధంతా ఎరిగిన సంగతిని దాచిపెట్టి, పుస్తకంలో నేనేదో ముందుచూపున్నవాడిలా రాసుకుంటే రేపు కిరాణా దుకాణం దగ్గర నలుగురూ నవ్వుతారు. అదేదో ముందే నవ్వించి పోతే పోలా అని ఈ రాత. ముప్పై ఏళ్ళు కాలువల ఆఫీసులో గుమాస్తాగా పనిచేశాను. నీళ్ళు ఎక్కడ వదిలితే ఎక్కడికి పోతాయో, ఎక్కడ కట్టేస్తే ఎక్కడ ఊరుతాయో కాగితం మీద పెట్టడమే నా ఉద్యోగం. ఆఫీసులో మైళ్ళకు మైళ్ళ కాలువ గురించి ఫైళ్ళు నింపినవాడిని, ఇంట్లో తొమ్మిదడుగుల గోడలో నీళ్ళు ఎటు పోతాయో కనుక్కోలేకపోయాను.

ఈ ఏడు వానలు వెనకపట్టాక మా నడిమింటి గోడ మళ్ళీ ఉబ్బింది. ఉబ్బడం అంటే అక్కడక్కడా కాదు, నూనెలో వేసిన పూరీలా, ఒకదాని పక్కన ఒకటి. వేలితో నొక్కితే లోపల నీళ్ళు కదిలేవి. అలవాటు ప్రకారం కోదాడలో ఉండే మా బావకు ఫోన్ చేశాను. మా అక్క భర్త ఆయన. నలభై ఏళ్ళ నుంచి అక్కడ రంగుల దుకాణం నడుపుతున్నాడు. "ఇక పైపై పూతలతో లాభం లేదోయ్. గోడంతా చెక్కించి, సిమెంటు పూయించి, దాని మీద రబ్బరు పూత వేయించి, ఆ పైన మంచి రంగు వెయ్యాలి. కొత్త సరుకొచ్చింది" అని ఖర్చు చెప్పాడు. మా అమ్మ ఈ ఇల్లు మొత్తం కట్టించినప్పుడు కూడా అంత కాలేదు. నేను సరే బావా అనబోతుంటే మా ఆవిడ విజయ ఫోన్ లాక్కుని, "అన్నయ్యా, మీ బావమరిది అన్నం తింటున్నడు, మల్ల చేస్తడు" అని పెట్టేసింది. సూర్యాపేట ఆడపడుచు. సూర్యుడి పేరు పెట్టుకున్న ఊరిలో పుట్టినందుకో ఏమో, ఎదుటివాళ్ళు చీకట్లో ఉంటే ఊరుకోలేదు. "ముందుగాల ఆ గోడను గీకించి లోపల ఏమున్నదో సూడున్రి. దవాఖానకు పోయినా ముందు నాడి పడ్తరు, సీదా కోయరు" అంది.

అలా నేరేడుచర్ల నుంచి సైదులు వచ్చాడు. యాభై దాటిన మనిషి, రంగుల పనిలో తల నెరిసినవాడు. నెరిసిందో, తెల్ల రంగు చిందిందో దగ్గరికెళ్తే గానీ తెలియదు. గోడ చూశాడు, తలకాయ ఊపాడు, గీకే రేకు తీశాడు. తర్వాత గోడకు ఆనించి ఉన్న మా అమ్మ చెక్క బీరువాను చూసి, "సార్, గిది ఎన్నేండ్ల సంది గీడ ఉన్నది?" అన్నాడు.

"నేను పుట్టకముందు సంది."

"మరి రంగులేసినప్పుడు జరపలేదా?"

"బరువని ఎవ్వరు జరపలే. సుట్టూ ఏసి పోయిన్రు."

సైదులు, నేను, పక్కింటాయన కలిసి దాన్ని పక్కకు జరిపాం. వెనక నిలువెత్తు దీర్ఘచతురస్రం. నీలం ఛాయ తగిలిన తెల్లటి సున్నం గోడ. ఒక్క బొబ్బ లేదు, ఒక్క మరక లేదు. చేయి పెట్టి చూస్తే ఎండు కొబ్బరి చిప్పలా పొడిగా, చల్లగా ఉంది. దాని చుట్టూ నా సంపాదన మొత్తం చెమ్మ పట్టి వేలాడుతోంది. విజయ తలుపు దగ్గర నిలబడి, "నాలుగుసార్లు పైసలు పెట్టిన గోడ ఏడుస్తున్నది. పైస పెట్టనిది నవ్వుతున్నది" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. సైదులు అంచు దగ్గర రేకు దూర్చి అరచేతి మందాన ఒక పెచ్చు ఊడదీసి నా చేతిలో పెట్టాడు. అడ్డంగా చూస్తే పొరలు. పైన మీగడ రంగు, దాని కింద లేత ఆకుపచ్చ, దాని కింద గులాబీ, దాని కింద సముద్రపు రంగు ఆయిల్ పెయింటు. అన్నిటి కింద ఉల్లిపొరల్లా లెక్కలేనన్ని సన్నని తెలుపులు. చదువుకున్నవాళ్ళు చెట్టు మొద్దు చూసి వయసు చెబుతారట. నా చేతిలో ఉన్నది నా తెలివి అడ్డకోత.

ఆ అట్టడుగు తెలుపులన్నీ అమ్మవి. ఏడాదికి రెండుసార్లు, ఉగాది ముందొకటి, దసరా ముందొకటి. ఆ రోజుల్లో మిర్యాలగూడలో గోడ తెల్లగా ఉండటం అంటే చిన్న సంగతి కాదు. రైలు పట్టాల అవతల బియ్యం మిల్లులు ఊక కాల్చేవి, ఆ మసి గాలికి వచ్చి పగలంతా ఊరి మీద వాలేది. ఆరేసిన ధోవతి మీద, పెరుగు గిన్నె మీద, పెళ్ళిపందిరి మీద, దానికి తేడా లేదు. ఇక ఎండ సంగతి. కాలువ రాకముందు ఇక్కడి ఎండ పొడి ఎండ అనీ, చెమట పట్టేలోపే ఆరిపోయేదనీ ముసలివాళ్ళు చెప్పేవారు. కాలువ వచ్చి, ఊరి చుట్టూ వరి మడులు ఏడాది పొడవునా నీళ్ళల్లో నిలబడ్డాక, ఎండకు ఉక్క తోడైంది. మిల్లులో వడ్లను నానబెడతారు, ఉడకబెడతారు, ఎండబెడతారు. మా ఊళ్ళో మనుషులకూ అదే వరస, గోడలకూ అదే వరస. తేడా ఏమిటంటే వడ్లకు ఆ తర్వాత ధర పెరుగుతుంది.

మా నాయన నా చిన్నప్పుడే పోయాడు కాబట్టి ఇంటి గోడలన్నీ అమ్మ చేతి కిందే ఉండేవి. ఎడ్లబండి మీద సున్నపురాళ్ళు వస్తే గంప నిండా కొనేది. పెరట్లో పగిలిన బానలో వాటిని వేసి, మమ్మల్ని దూరం తరిమి, చెంబుతో నీళ్ళు పోసేది. కాసేపు ఏమీ జరగదు. తర్వాత బాన లోపల ఎవరో పళ్ళు కొరికినట్టు చప్పుడు, తర్వాత బుడగలు, తర్వాత పొగలు. పొయ్యి లేకుండా ఉడికే ఆ వంట వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది. తొలకరి వానకు తడిసిన మట్టికి కొంచెం కోపం వస్తే ఎలా ఉంటుందో అలా. రెండు రోజులు నానాక పాత చీర గుడ్డలో వడగట్టేది. గుప్పెడు ఉప్పు, చిటికెడు నీలిమందు, చివర కుండెడు గంజి. ఈత మట్ట చివర రాయితో నలగ్గొట్టి కుంచె చేసుకునేది. నిచ్చెన ఎక్కి పై మూల నుంచి మొదలుపెట్టేది. వేసేటప్పుడు గోడ బూడిద రంగులో బెంగగా ఉండేది. మధ్యాహ్నానికి ఎండి, ఎవరో లోపల దీపం పెట్టినట్టు తెల్లబడేది. సాయంత్రం అమ్మ చేతులు పగిలి ఉండేవి. ఆముదం రాసుకుంటూ గోడనే చూసేది. ఇంకెవరినైనా అంత తృప్తిగా చూసిందా అంటే, నన్ను మాత్రం చూడలేదు.

మా వీధిలో మిగతా ఇళ్ళవాళ్ళు గంజిని బర్రెలకు పోసేవాళ్ళు, గోడకు పోసేది మా అమ్మ ఒక్కతే. గంజి లేని సున్నం ఆనుకున్నవాళ్ళ వీపు మీదికి వచ్చేస్తుంది. అందుకని మా వీధిలో మనిషి వెనక నుంచి కనబడితే చాలు, ఎవరింటి నుంచి వస్తున్నాడో తెలిసిపోయేది. ఒకరింటి సున్నంలో పసుపుపచ్చ పొడి కలిసేది, ఒకరింటిది ఒట్టి తెలుపు, నీలం ఛాయ ఉంటే మా ఇల్లు. భార్యకు చెప్పకుండా ఎక్కడికైనా వెళ్ళినవాడు వీపు దులుపుకోకుండా ఇంటికి చేరితే ఆ పూట అన్నం ఉండేది కాదు. మా ఇంట్లో గంజి పడేది కాబట్టి మా గోడ సాధారణంగా అంటేది కాదు. సాధారణంగా అని ఎందుకంటున్నానంటే, నడిమింట్లో ఒక చోటు మాత్రం అంటేది. బీరువా పక్కన వెనకవాలు లేని చెక్క బల్ల ఒకటి ఉండేది, ఇప్పటికీ ఉంది, దాని వెనక గోడ. వచ్చినవాళ్ళలో కొందరిని అమ్మ చాప పరిచి కూర్చోబెట్టేది, కొందరిని "బల్ల మీద కూసోండయ్యా" అనేది. గౌరవించవలసినవాళ్ళకు బల్ల, మనవాళ్ళనుకున్నవాళ్ళకు చాప అని నేను అర్థం చేసుకున్నాను. బల్ల మీద కూర్చున్న పెద్దమనుషులంతా నీలం తెలుపు వీపులతో వీధిలోకి వెళ్ళడం చూసి కూడా నాకేమీ తట్టలేదు. తట్టి ఉంటే ఈ కథ ఇక్కడే అయిపోయేది, నాకు బోలెడు ఖర్చు తప్పేది.

అక్క పెళ్ళయిన కొత్తలో బావ మొదటిసారి మా ఇంటికొచ్చాడు. కాఫీ గింజ రంగు సఫారీ కుట్టించుకున్నాడు, దాని ఇస్త్రీ మడతతో కూరగాయలు తరగవచ్చు. కోదాడ వాళ్ళకు ఆంధ్రా గాలి కాస్త ముందే తగులుతుంది కాబట్టి మాట నున్నగా ఉండేది, అందులో ముల్లు ఉన్నా చేప మెత్తగానే అనిపించేది. గడప దాటుతూనే చుట్టూ చూసి, "ఇల్లు చల్లగా ఉందండీ అత్తయ్యా. మా ఊళ్ళో గొడ్ల చావిళ్ళు కూడా ఇలాగే చల్లగా ఉంటాయి" అన్నాడు. అక్క తల దించుకుంది. అమ్మ నవ్వి, "బల్ల మీద కూసోండయ్యా" అంది. భోజనమయ్యాక ఆయన ఆ బల్ల మీదే గోడకు జారగిలబడి ఒక కునుకు తీసి, అక్కడి నుంచే మాడుగులపల్లిలో చుట్టాల పెళ్ళికి వెళ్ళాడు. పెళ్ళిలో ఆయన వీపు చూసి జనం వరస కలిపి వేళాకోళమాడారట. "అల్లుడు వచ్చిపోయినట్టు అత్త ముద్ర కొట్టి పంపింది" అని ఎవరో అన్న మాట మూడు ఊళ్ళు తిరిగి మా వీధి దాకా వచ్చింది. బావ దాన్ని మరిచిపోలేదు. తర్వాత రెండేళ్ళకు ఆయన కోదాడలో పెట్టిన దుకాణం బియ్యానిది కాదు, బట్టలది కాదు, రంగులది. ఒక మనిషి జీవితాన్ని సున్నం ఎటు తిప్పుతుందో చెప్పలేం.

నాకు కాలువల ఆఫీసులో ఉద్యోగం వచ్చింది ఆ రోజుల్లోనే. మొదటి జీతం అందుకున్న రోజు నుంచి నేను చాప మీద కూర్చోవడం మానేశాను. గవర్నమెంటు మనిషి నేల మీద కూర్చుంటే గవర్నమెంటు ఏమవుతుంది? బల్ల ఎక్కి, గోడకు వీపు చేర్చి, కాలు మీద కాలేసుకుని, "అమ్మా, చాయ్" అనడం మొదలుపెట్టాను. అమ్మ చాయ్ తెచ్చి ఇచ్చేది, ఏమీ అనేది కాదు. ఆఫీసులో మాత్రం నా చొక్కా వీపు రోజూ తెల్లగా ఉండేది. హెడ్ గుమాస్తా నన్ను సున్నం సారు అని పిలవడం మొదలుపెడితే, కొద్ది రోజులకు అటెండరు కూడా ఫైలు తెచ్చి "సున్నం సారుకు ఇయ్యమన్నరు" అనేవాడు. నాకు సిగ్గు ముంచుకొచ్చింది. వయసులో ఉన్నవాడి సిగ్గు, జేబులో జీతం. ఈ రెండూ కలిసినచోట దుకాణదారుడికి ఆకలి వేయడం సహజం. బావ ఆ వారమే దిగాడు, చంకలో రంగుల అట్టతో. తెలుగువాడికి యాభై ఆరు అక్షరాల వర్ణమాల చాలంటారు. ఆయన అట్ట మీద నూటికి పైగా వర్ణాలు, నాకు అఆలు కూడా రావు.

"ఏవోయ్ బావమరిదీ, గవర్నమెంటు ఉద్యోగి ఇంటికి సున్నం గోడలేంటోయ్? రేపు ఆఫీసరుగారొస్తే ఎక్కడ కూర్చోబెడతావు?"

"గదే పరేషాన్ బావా. రోజు అంగీ ఉతుకుడే అయితున్నది."

"సున్నం అంటేనే అంటుకునేది. దాని బుద్ధే అంత. ఆయిల్ పెయింటు వేశావనుకో, తడిగుడ్డ పెట్టి తుడిస్తే అద్దంలా ఉంటుంది. పదేళ్ళు చూసుకోనక్కర్లేదు."

అమ్మ బియ్యం ఏరుతూ తల ఎత్తకుండా, "గోడకు చెమట పడ్తదయ్యా. కాలువ నీళ్ళు కిందికెల్లి ఎక్కుతయి, మీదికెల్లి పోవాలె. మీరు మొఖానికి జిగటమందు పూస్తే యాడికి పోతయి?" అంది.

"అత్తయ్యా, ఇది బొంబాయిలో సముద్రం పక్కన మేడలకు వేసే రంగండీ."

"బొంబాయిల వేసుకోమను. గాడ మేమున్నమా?"

నేను అప్పుడు అన్న మాట ఇప్పటికీ అరగలేదు. "నీకు తెల్వదమ్మా, ఊకో" అన్నాను. అమ్మ ఊకుంది. బియ్యం చాట తీసుకుని పెరట్లోకి వెళ్ళింది. మూడు నెలల జీతం పోసి, నడి ఎండాకాలంలో నడిమింటికి సముద్రపు రంగు ఆయిల్ పెయింటు వేయించాను. వెనక ఉన్న చిన్న గదికి, మేము అర్ర అనేదానికి, డబ్బు చాలక వదిలేశాను. రంగువాళ్ళు బీరువాను కదిపి చూసి, నడుం పట్టుకుని, చుట్టూ వేసి వెళ్ళిపోయారు. వాసనకు పది రోజులు ఇంట్లో అన్నం సహించలేదు. కానీ గోడ నిజంగానే అద్దమైంది. అమ్మ దాని ముందు నిలబడి కొప్పు ముడుచుకుంటూ, "మంచిగున్నది కొడకా, ఇగ దువ్వెన ఒక్కటి ఏలాడదీయి" అంది. నేను అద్దంలాంటి గోడలో నా ముఖం చూసుకుని మురిశాను. అందులో కనబడేవాడు ఎలాంటివాడో కనబడలేదు.

వానలొచ్చాయి, కాలువకు నీళ్ళు వదిలారు. వదిలే తేదీ ఫైలు మీద నేనే పెట్టాను. ఇరవై రోజులకు గోడ మీద చెమట బిందువులు, నెలకు బొబ్బలు. అమ్మ ఒక బొబ్బను బొటనవేలితో నొక్కితే నీళ్ళు ధారగా కారాయి. "మీ ఆఫీసు కాలువే రా. గేటు ఎత్తినట్టున్నరు" అంది. అది నవ్వులాటగానే ఉండేది, ఆమెకు ఆయాసం మొదలు కాకపోతే. ఆమె మంచం ఉన్నది ఆ గోడ పక్కనే. మంచం వెనక నల్లగా బూజు పట్టింది, నేను తడిగుడ్డతో తుడిచాను, బావ చెప్పినట్టే; అది మళ్ళీ పట్టింది. ఊపిరి తీసుకోవడానికి ఆమె లేచి కూర్చునేది. దవాఖానలో డాక్టరు మందు రాసిచ్చి, "ఆ చెమ్మ గోడ దగ్గర పండుకోబెట్టకండి" అన్నాడు. అమ్మ ఏ గొడవా లేకుండా మంచం ఎత్తించి వెనక అర్రలో వేయించుకుంది. దానికింకా సున్నమే కదా. వారంలో ఆయాసం నెమ్మదించింది. ఆ తర్వాత ఆమె బతికిన తొమ్మిదేళ్ళూ ఆ అర్రలోనే. తన చేత్తో కట్టించి, తన చేత్తో వెల్ల వేసిన ఇంట్లో నడిమింటిని నాకు వదిలేసి, కొట్టుగదిలాంటి దాంట్లో ఉంది. ఏడాదికి రెండుసార్లు ఆ నాలుగు గోడలకు సున్నం వేసుకునేది. నేను ఎన్నోసార్లు నడిమింటికి రమ్మన్నాను. "గాడ నాకు ఊపిరాడదు రా, నీ గోడకూ ఆడదు" అనేది. ఎత్తిపొడుపు కాదు. ఉన్న సంగతి.

అప్పుడైనా బుద్ధి వచ్చిందా అంటే, పెచ్చు చూస్తే తెలుస్తుంది కదా. బొబ్బలెక్కిన గోడను చూసి బావ, "రంగు తప్పు కాదోయ్, దాని కింద సున్నం ఉంది, అదీ తప్పు" అని గులాబీ డిస్టెంపరు అంటగట్టాడు. అది బూజు పట్టి రాలితే, "కింద ఆయిల్ పెయింటు ఉంది, అదీ తప్పు" అని లేత ఆకుపచ్చ ప్లాస్టిక్ పెయింటు. అది పొట్టు రేగితే, "కింద డిస్టెంపరు ఉంది" అని ఎండకూ వానకూ తట్టుకునే మీగడ రంగు. ప్రతిసారీ తప్పు కింద ఉన్నదానిది, కింద ఉన్నది కూడా ఆయన అమ్మిందే. ఇంత చక్కటి తర్కం నేను కోర్టుల్లో కూడా వినలేదు. పూత పూతకూ నా జేబుకు కోత. అమ్మ పోయిన మరుసటేడు వెనక అర్రకు కూడా ఆకుపచ్చ వేయించాను, గది బాగుపడుతుందని. నా నాలుగు తప్పుల్లో నాకు బాధనిపించేది అదొక్కటే.

ఇప్పటి ఇళ్ళు చూస్తున్నాను. మా వీధిలోనే మూడు అంతస్తుల మేడలు, నిమ్మపండు రంగు, వంకాయ రంగు. మే నెల ఎండకు రెండేళ్ళలో వెలిసి, వానలకు పొలుసులు లేచి, మూడో ఏటికి మళ్ళీ నిచ్చెన. అప్పుడు ఇంటికి వెల్ల ఉండేది, వెల లేదు. ఇప్పుడు వెల ఉంది. అయితే ఆ కాలమే బంగారమని నేననను. అమ్మ చేతుల పగుళ్ళు నాకు గుర్తున్నాయి, కంట్లో సున్నం పడి నెల రోజులు కట్టు కట్టుకున్న పక్కింటామె గుర్తుంది. ఏడాదికి రెండుసార్లు ఆడవాళ్ళ నడుములు విరిగితే తెల్లబడిన గోడలవి. కుంచె నేను పట్టి ఉంటే సున్నం గురించి మాట్లాడే హక్కు ఉండేది. నేను పట్టింది బల్ల ఒక్కటే.

పెచ్చు చేతిలో పట్టుకుని నేనివన్నీ తలుచుకుంటుంటే సైదులు అడిగాడు. "సార్, మొత్తం గీకి సున్నమే కొడ్దామా? గీ గోడకు అదే దవా."

"దొరుకుతదా?"

"కిళ్ళీ కొట్టుల దొరుకుతది," అంది విజయ లోపలి నుంచి. "ఆకుకు ఇంత అడుక్కొని రాండ్రి."

నిజంగానే మిర్యాలగూడ దుకాణాల్లో సున్నపురాయి అడిగితే నన్ను పైకీ కిందికీ చూశారు. చివరికి సైదులే నేరేడుచర్ల దారిలో ఎక్కడో పట్టుకుని ఆటోలో వేసుకొచ్చాడు. సున్నానికైన ఖర్చు తక్కువే. నా తెలివిని గీకడానికే ఎక్కువైంది. పదకొండు రోజులు ఇద్దరు మనుషులు గీకారు. పెరట్లో డ్రమ్ములో రాళ్ళు వేసి నీళ్ళు పోసినప్పుడు నేను పక్కనే నిలబడ్డాను. పళ్ళు కొరికే ఆ చప్పుడు వచ్చింది, వాసన వచ్చింది. రెండు రోజులు నానాక విజయ చిటికెడు నీలిమందు, కుండెడు గంజి తెచ్చింది.

"ఇది కలపకుంటే ఏమైతది సైదులు?" అన్నాను, ఊరికే.

"ఏమైతది సార్, ఆనుకున్నోని ఈపుకు అంటుతది. ఎన్కట ముసలోళ్ళు ఉపాయం చేసేటోళ్ళు. గిట్టనోడు కూసునే జాగల గంజి లేని సున్నం కొట్టేటోళ్ళు. మా నాయనమ్మ అయితే మా పెద్దనాయనకు ఎన్నిసార్లు అంటిచ్చిందో."

నాకు అప్పుడు తట్టింది. బల్ల, దాని మీద కూర్చున్న పెద్దమనుషులు, వాళ్ళ వీపులు. సఫారీ. ఆ తర్వాత, కాలు మీద కాలేసుకుని చాయ్ అడిగిన ఒక కొత్త గుమాస్తా. అమ్మ జాబితాలో నా పేరు కూడా ఉంది. నాలుగు రోజులు అంటించి, నా టెక్కు కాస్త రాలాక గంజి కలుపుదామనే అనుకుని ఉంటుంది. నేను టెక్కు బదులు గోడనే మార్చేస్తానని ఊహించి ఉండదు. చిన్న వేళాకోళానికి ఆమె తొమ్మిదేళ్ళు కిరాయి కట్టింది. నాకు నవ్వు వచ్చింది, కానీ అది పూర్తిగా బయటికి రాలేదు.

"సైదులు, బీరువా పక్కన, బల్ల ఎనక, ఒక రెండు గజాలు గంజి లేకుండ కొట్టు" అన్నాను.

సైదులు నా ముఖం చూశాడు. "ఎవరొస్తున్నరు సార్?" అని మాత్రం అడిగాడు.

బావ వస్తున్నాడు. సూర్యాపేటలో ఆ జిల్లా రంగుల దుకాణదారుల సభ ఉందనీ, అందరికంటే పాతవాడని ఆయనకు సన్మానం చేస్తున్నారనీ, పొద్దున మా ఇంటికి వచ్చి భోజనం చేసి అటు నుంచే వెళతామనీ అక్క చెప్పింది. వచ్చాడు. డెబ్బై అయిదు దాటినా మనిషి నిటారే. కొత్త కోటు, దాదాపు నలుపు. గడపలోనే ఆగిపోయి తెల్లటి గోడ చూశాడు. "ఇదేంటోయ్, వెనక్కి నడుస్తున్నావా? నా పరువేం కాను, రంగుల దుకాణదారుడి బావమరిది ఇంట్లో సున్నమా?"

"పైసలు ఒడిసినయి బావా," అన్నాను. "బల్ల మీద కూసోండి."

ఆయన కూర్చున్నాడు. విజయ గుత్తివంకాయ కూర వండింది, నెయ్యి ధారాళంగా పోసింది. భోజనమయ్యాక ఫ్యాను కింద, చల్లటి గోడకు జారగిలబడి, సభలో ఏం మాట్లాడబోతున్నాడో చెబుతూ చెబుతూ కళ్ళు మూశాడు. "గోడ చల్లగా ఉందోయ్" అని మగతలో ఒకసారి అన్నాడు. నేను చాప మీద కూర్చుని చూస్తున్నాను. అరగంటకు లేచి, జుట్టు దువ్వుకుని, కారు వైపు నడిచాడు. నల్లటి కోటు వెనక భుజం నుంచి భుజం దాకా, నీలం ఛాయ తెలుపు. అక్క వెనకే వెళుతూ అది చూసింది. ఆగింది. వెనక్కి తిరిగి నన్ను చూసింది. తర్వాత గోడను, బల్లను చూసింది. గొడ్ల చావడి మాట విని తల దించుకున్నప్పటి అక్క నాకు గుర్తొచ్చింది. ఆమె చేయెత్తి ఆయన వీపు దాకా తీసుకెళ్ళింది. దులపలేదు. కాలర్ మాత్రం సరిచేసి, "పదండి, ఆలస్యమైతది" అంది.

సాయంత్రం దాకా నాకు ఒకటే పరేషాన్, సన్మానంలో శాలువా కప్పితే వీపు కనబడదేమోనని. కానీ శాలువా కప్పాలంటే ముందు వేదిక మెట్లు ఎక్కాలి, మెట్లు ఎక్కేవాడి వీపు జనం వైపే ఉంటుంది. దీపాలు పెట్టే వేళకు బావ ఫోన్ చేశాడు. నేను చెవికి పెట్టుకున్నాను. అవతల జనం మాటలు, కుర్చీలు లాగిన చప్పుడు, ఎవరిదో ఆగని నవ్వు.

"గంజి కలపలేదు కదూ," అన్నాడు.

"మర్చిపోయిన బావా."

అవతల కోటు దులుపుతున్న చప్పుడు.

"మీ అమ్మ కూడా అప్పుడు నాతో ఇదే మాట అంది," అని పెట్టేశాడు.